బుల్లెట్ దిగి స్కూటరెక్కాక

ముప్పై ఏళ్ళకు పైగా బుల్లెట్ మోటార్‌సైకిలు తప్ప వేరే బండి నడపలేదు నేను. నిరుడు ఒక చిన్న స్కూటరు కొన్నాను. 110 సీసీ తరగతి బండి. ఏ కంపెనీదో చెప్పను. ఆ తరగతిలో ఇవాళ దొరికే పెట్రోలు బండ్లన్నీ దాదాపు ఒకే తీరున నడుస్తాయి కాబట్టి నేను చెప్పబోయేది వాటన్నిటికీ వర్తిస్తుంది. జార్జిటౌన్‌లో మా వీధివాళ్ళు దాన్ని చూడగానే "ఏంటి సార్, నడుం నొప్పా?" అని అడిగారు. "అయ్యో, బుల్లెట్ అమ్మేశారా?" అని పరామర్శించినవాళ్ళూ ఉన్నారు. నడుం బాగానే ఉంది, బుల్లెట్ ఇంట్లోనే ఉంది. పెద్ద బండి దిగి చిన్న బండి ఎక్కితే వయసు మీదపడిందనో చేతిలో డబ్బు తగ్గిందనో అనుకోవడం మనవాళ్ళకి అలవాటు. ఆ అలవాటు మారాలని నా కోరిక. మోటార్‌సైకిలు మీద ఎంత అనుభవం ఉన్నవాడైనా స్కూటరును మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసిందే. నేర్చుకున్నాక మాత్రం, మా పేట లాంటి చోట దానికి సాటి వచ్చే బండి లేదు. ఈ పూట ఆ సంగతే చెబుతాను.

ముందు మా పేట గురించి నాలుగు మాటలు. చెన్నై హైకోర్టుకి ఉత్తరంగా, రేవుకి పడమరగా ఉంటుంది జార్జిటౌన్. తూర్పు సగం ముత్యాలపేట, పడమటి సగం పెద్దనాయకన్‌పేట. రెంటినీ విడదీస్తూ బ్రాడ్వే. పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో స్టీఫెన్ పోఫామ్ అనే లాయరు పల్లపు నేలను మెరక చేయించి వేయించిన రోడ్డది. ఇప్పుడు దాని పేరు ప్రకాశం సాలై, మన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరే. పొట్టి శ్రీరాములుగారు 1901లో పుట్టింది ఇక్కడి అన్నపిళ్ళై వీధిలో. ఆ మహానుభావులు తిరిగిన నాటికీ నేటికీ ఇక్కడ ఇళ్ళు మారాయి, మేడలు లేచాయి, దుకాణాలు పదింతలయ్యాయి. వీధుల వెడల్పు మాత్రం చాలాచోట్ల అప్పటిదే. కాలినడకకీ ఎడ్లబండికీ పల్లకీకీ సరిపోయేలా గీసిన వీధులు ఇవి.

ఆ వీధుల్లో ఏం నడుస్తుందో చూడండి. గోడౌన్ వీధిలో బట్టల బేళ్ళు. ఆండర్సన్ వీధిలో కాగితం, పెళ్ళిపత్రికలు. దేవరాజ ముదలి వీధిలో ప్లాస్టిక్ సామాను. నైనియప్ప నాయకన్ వీధిలో రసాయనాలు. లింగిచెట్టి వీధిలో పైపులు, వాల్వులు. కొత్వాల్ చావడి కూరగాయల టోకు మార్కెట్టు 1996లో కోయంబేడుకి తరలిపోయింది గానీ, దాని చుట్టూ ఉన్న సందుల్లో రద్దీ తరలిపోలేదు. తలమీద మూటతో కూలీ, తోపుడుబండి, సరుకు దింపే చిన్న లారీ, చేపల కోసం పుట్టి ఇప్పుడు ఇనుప చువ్వలు మోస్తున్న మీన్‌బాడీ బండి, వీటి మధ్య పెళ్ళి సామాను కొనడానికి నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చిన కుటుంబం. పగలు పది దాటాక ఇక్కడ బండి వేగం మనిషి నడక కంటే పెద్దగా ఎక్కువుండదు. మాది పెళ్ళిపత్రికల వ్యాపారం. దుకాణం నుంచి ప్రెస్సుకి, ప్రెస్సు నుంచి ఫాయిల్ వేసే చోటికి, అక్కడినుంచి మళ్ళీ దుకాణానికి రోజంతా తిరుగుడే. అంతా కలిపినా నాలుగైదు కిలోమీటర్లు దాటదు. ఆ కాస్త దూరంలో ఆగడం, కదలడం, వంగడం, దారివ్వడం లెక్కలేనన్నిసార్లు.

బుల్లెట్‌ను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అది ఉత్తర మద్రాసు బిడ్డ. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డును 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళు ఇక్కడికి తెచ్చారు. మా పేట నుంచి రాయపురం, తండయారుపేట దాటుకుని నేరుగా వెళితే తగిలే తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టి తయారుచేశారు. ఇంగ్లండులో 1970 నాటికి ఆ పేరుతో బండ్లు రావడం ఆగిపోయింది, మన తిరువొత్తియూరులో ఆగలేదు. నా బండి ఆ పాత రకమే. 346 సీసీ, నాలుగు గేర్లు, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్టార్టు చేయడమే ఒక విద్య. కిక్కును మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటరు ముల్లు నడిమికి రాగానే డీకంప్రెసర్ పట్టుకుని, ఇంజిన్‌ను ఒక్క గింజంత ముందుకు జరిపి, అప్పుడు ఒక్క తన్ను. రానివాళ్ళు పది తన్నులు తన్ని చెమటలు కక్కేవాళ్ళు. సూళ్ళూరుపేట దాటాక నాయుడుపేట వైపు తెల్లవారుజామున ఆ ఇంజిన్ ఒకే లయలో కొట్టుకుంటూ పోతుంటే, ఆ ఆనందానికి వెలకట్టలేను. ఈ వయసులోనూ నెల్లూరు వెళ్ళాలంటే దాన్నే తీస్తాను.

కానీ అదే బండి మే నెల మధ్యాహ్నం గోవిందప్ప నాయకన్ వీధిలో ఇరుక్కుంటే? 160 కిలోలు దాటిన బరువు. ఫస్టు గేరులో సగం క్లచ్ పట్టుకుని అడుగడుగునా పాకాలి. ఎడమ మణికట్టు లాగేస్తుంది, మోకాళ్ళ మధ్య ఇంజిన్ సెగలు కక్కుతుంది. ఎదురుగా తోపుడుబండి వస్తే వెనక్కి తొయ్యాలి, ఆ బరువును కాళ్ళతో వెనక్కి తొయ్యడం ఎంత కష్టమో నడిపినవారికే తెలుసు. పత్రికల కట్టలు పెట్టుకోవడానికి చోటు లేదు. వెనక సీటుకి తాడుతో కడితే ఇంకొకరు కూర్చోవడానికి లేదు. ఏళ్ళ తరబడి దీన్నంతా బుల్లెట్ నడిపేవాడి ధర్మమనుకుని భరించాను, అందరిలాగే.

స్కూటరు అనే బండి ఆకారం ఎలా వచ్చిందో తెలిస్తే మా పేటకి అది ఎందుకు అమరిందో తేలిగ్గా అర్థమవుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ రోడ్లు బాంబులకి ఛిద్రమయ్యాయి. విమానాలు చేసే పియాజియో కంపెనీకి జనం కొనగలిగే చవక బండి కావలసివచ్చింది. ఆ పని కొరాదీనో దాస్కానియో అనే ఇంజినీరుకు అప్పజెప్పారు. ఆయన హెలికాప్టర్లూ విమానాల మనిషి. మోటార్‌సైకిళ్ళంటే ఆయనకి ఇష్టం లేదు. గొలుసు నూనె బట్టలకి అంటుతుందనీ, కాలు పైకెత్తి దాటి ఎక్కాలనీ, పంక్చరైతే చక్రం విప్పడం నరకమనీ ఆయన ఫిర్యాదులు. వాటికి ఒక్కొక్కటిగా సమాధానం చెబుతూ 1946లో ఆయన తెచ్చిందే 98 సీసీ వెస్పా. గొలుసు లేదు. ఇంజిన్ మీద మూత. ముందు కాళ్ళకు అడ్డంగా రేకు. మధ్యన ఖాళీ, చీర కట్టుకున్నా పంచె కట్టుకున్నా అడుగుపెట్టి కూర్చోవచ్చు. ఇటలీ ఆడవాళ్ళ లంగాల కోసం ఆలోచించిన ఆ ఖాళీ మన మధ్యతరగతి ఇళ్ళకు ఎంత ఉపకారం చేసిందో చెప్పలేం. మన దేశంలో లాంబ్రెటా, ఆ తరవాత బజాజ్ వెస్పా, 1972 నుంచి చేతక్. బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరం ఇది వింటూ ఉంటుంది. వాటికి గేరు ఎడమచేతి పిడిలో ఉండేది. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా ఆ గేరునూ తీసేసింది. ఇవాళ్టి చిన్న స్కూటర్లన్నీ ఆ దారినే నడుస్తున్నాయి.

గేరు లేదంటే లోపల ఏమీ లేదని కాదు. రెండు గిలకలు, వాటి మధ్య ఒక రబ్బరు బెల్టు. బావి గిలక లాంటివే గానీ, ఈ గిలకల చెంపలు దగ్గరికీ దూరానికీ జరుగుతాయి. ముందు గిలకలో చిన్న రోలర్లు ఉంటాయి. ఇంజిన్ వేగం పుంజుకుంటే అవి బయటికి తోసుకుపోయి చెంపల్ని దగ్గరికి నెడతాయి, బెల్టు పైకెక్కుతుంది, బండికి పెద్ద గేరు పడినట్టవుతుంది. వెనక గిలక దగ్గర ఒక క్లచ్ ఉంది. దానికి మీటా లేదు, తాడూ లేదు. ఇంజిన్ ఒక వేగం అందుకోగానే తనంతట తనే పట్టుకుంటుంది, తగ్గగానే తనే వదిలేస్తుంది. ఇంతే యంత్రం. కానీ మోటార్‌సైకిలు నడిపినవాడి ఒళ్ళంతా తికమకపడేది ఇక్కడే.

మొదటి చిక్కు ఎడమచేతిలో. బైకు మీద ఎడమచేతి మీట క్లచ్. ఏదైనా అడ్డం వస్తే ముందు ఆలోచన లేకుండా ఆ నాలుగు వేళ్ళూ మీటను పూర్తిగా లాగేస్తాయి, ఏళ్ళ అలవాటు. స్కూటరు మీద అదే మీట బ్రేకు. 125 సీసీ లోపు బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి జోడు బ్రేకు తప్పనిసరి చేశారు. అంటే ఎడమ మీట నొక్కితే వెనక చక్రంతో పాటు ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. కొత్తవాళ్ళను కాపాడే మంచి ఏర్పాటు. మోటార్‌సైకిలు నుంచి వచ్చినవాడు మాత్రం క్లచ్ అనుకుని గట్టిగా లాగాడంటే బండి ఉన్నచోటే తలవంచుతుంది, వెనక కూర్చున్నవాళ్ళు వీపు మీదికొస్తారు. అందుకని నేను చెప్పేది ఒకటే: కొత్త స్కూటరు తీసుకోగానే ఖాళీ చోట, ఆదివారం పొద్దున బీచ్ రోడ్డు పక్కన ఎక్కడైనా, ఎడమచేతికి రెండు వేళ్ళే వాడటం నేర్పండి. రెండు వేళ్ళతో ఎంత లాగితే ఎంత ఆగుతుందో చేతికి తెలియాలి. ఆ చెయ్యి మారేదాకా ఇంట్లోవాళ్ళని వెనక ఎక్కించుకోకండి.

రెండోది, పట్టు. మోటార్‌సైకిలు మీద మోకాళ్ళతో ట్యాంకును పట్టుకుంటాం. బండి మన ఒంట్లో భాగమయ్యేది అక్కడే. స్కూటరు మీద కాళ్ళ మధ్య గాలి తప్ప ఏమీ ఉండదు. అనుభవం ఉన్నవాడికి మొదట్లో అది కుర్చీలో కూర్చుని వీధిలో పోతున్నట్టనిపిస్తుంది. చేతుల మీద బరువు మోపకుండా, పాదాల్ని పలక మీద గట్టిగా ఆనించి, నడుంతో బండిని తిప్పాలి. ఇంజిన్ బరువంతా వెనక చక్రం దగ్గరే ఉంటుంది, ముందు భాగం తేలిక. చక్రాల మధ్య దూరం కూడా బుల్లెట్ కంటే దాదాపు పది సెంటీమీటర్లు తక్కువ. బుల్లెట్‌కి పందొమ్మిది అంగుళాల చక్రాలు, దీనికి పన్నెండు. బుల్లెట్ పట్టించుకోని గుంతలో ఇది దిగిపోతుంది. మా వీధుల్లో రోడ్డు మీద మళ్ళీ రోడ్డు పోయడం వల్ల మ్యాన్‌హోల్ మూతలు గిన్నెలడుగున పడ్డట్టున్నాయి. వాటిని పక్కనుంచి తప్పించుకోవాలి. తప్పించుకోలేకపోతే బ్రేకు వదిలేసి నిటారుగా దాటాలి. బ్రేకు పట్టుకుని, వంచి దాటితే చిన్న చక్రం జారుతుంది.

మూడోదే అసలు విద్య, మెల్లగా నడపడం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. బండి నడిపే నేర్పు ఎనభై కిలోమీటర్ల వేగంలో కనిపించదు. ఆ వేగంలో చక్రాలు తిరిగే వడికి బండి తనంతట తానే నిలబడుతుంది. నడక వేగంలో, కాలు నేలకి ఆనించకుండా, ఎదురు వచ్చే మూటల కూలీకి దారిస్తూ వంద గజాలు పోగలిగినవాడే నాకు రైడరు. బుల్లెట్ మీద ఆ పని సగం క్లచ్‌తో చేస్తాం. స్కూటరు మీద క్లచ్ మన చేతిలో లేదు. యాక్సిలరేటరు పూర్తిగా మూశామా, వేగం తగ్గాక లోపలి క్లచ్ వదిలేస్తుంది. అప్పుడు బండి ఇంజిన్‌తో సంబంధం లేకుండా వట్టి చక్రాల మీద దొర్లుతుంది, ఊగుతుంది. మళ్ళీ యాక్సిలరేటరు ఇచ్చామా, క్లచ్ ఒక్కసారిగా పట్టుకుని ముందుకి గెంతుతుంది. కొత్తవాళ్ళు సందుల్లో రెండు కాళ్ళూ ఈడ్చుకుంటూ పోవడానికి ఇదే కారణం. దీనికి మందు ఏమిటంటే, యాక్సిలరేటరు పూర్తిగా మూయకూడదు. క్లచ్ పట్టి ఉండేటంత సన్నగా ఇచ్చి ఉంచి, ఎడమ బ్రేకును ఈకతో తాకినంత తేలిగ్గా నొక్కి ఉంచాలి. ఇంజిన్ లాగుతుంటుంది, బ్రేకు ఆపుతుంటుంది. ఆ రెండింటి మధ్య బండి బిగువుగా, నిటారుగా పాకుతుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్ళవలసిన చోట ఉండాలి. జోడు బ్రేకు కాబట్టి మీటను కాస్త ఎక్కువ నొక్కితే ముందు చక్రం కూడా పట్టుకుంటుంది, మలుపులో ఉంటే పడేస్తుంది. అందుకే అంత తేలిక అంటున్నాను. మరీ ఎక్కువసేపు ఇలా చేస్తే క్లచ్ వేడెక్కుతుంది, కాబట్టి పూర్తిగా ఆగవలసినచోట ఆగిపోవడమే మంచిది.

ఈ పని చేతికి వచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం, కుర్రతనంలో షోలవరం విమానాల రన్‌వే మీద రేసులు చూసి వచ్చినప్పటి సంతోషం కంటే తక్కువేమీ కాదు. ఎర్రబాలుచెట్టి వీధి మొదలునుంచి చివరిదాకా కాలు దించకుండా వచ్చాను. ఎవరూ గమనించలేదు, గమనించవలసిన పనీ లేదు.

ఇప్పుడు బరువుల సంగతి. కాళ్ళు పెట్టుకునే చదునైన పలక, మా పేటలో దాన్ని ఫుట్‌బోర్డు అంటారు, దాని విలువ వ్యాపారం చేసేవాడికే తెలుస్తుంది. పత్రికల కట్ట అక్కడ పెడితే బరువు నేలకి దగ్గరగా, రెండు చక్రాల నడుమ ఉంటుంది. బండి ఒరగదు. అదే కట్టను వెనక సీటు మీద పెడితే ఇప్పటికే తేలికగా ఉన్న ముందు చక్రం ఇంకా తేలిపోతుంది. హ్యాండిల్ ఇటూ అటూ పూర్తిగా తిరగడానికీ, రెండు పాదాలు ఆనడానికీ చోటు మిగిలేంతవరకే పెట్టాలి. గ్యాసు సిలిండరు పెట్టుకుని మోకాళ్ళు రెండువైపులా చాచి నడిపేవాళ్ళను రోజూ చూస్తాను. ప్రాణం మీదికి తెచ్చుకునే పని అది. సీటు కింది డిక్కీలో ప్రూఫు కాగితాలు వానకి తడవకుండా ఉంటాయి. కానీ అక్కడ ఇంజిన్ వేడి తగులుతుంది, లామినేషన్ చేసిన కార్డులు వేసవిలో పెట్టకూడదు.

ఇంకో మార్పు నేను ఊహించనిది. బుల్లెట్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది నా బండి. ఇంకెవరూ దాని జోలికి వచ్చేవారు కాదు, రాగలిగేవారూ కాదు. స్కూటరు వచ్చిన కొద్ది రోజులకే మా ఆవిడ నేర్చుకుంటానంది. యాభై దాటిన మనిషి, అంతకుముందు సైకిలైనా తొక్కలేదు. తెల్లవారుజామున ఖాళీ వీధిలో ఆమె నడుపుతుంటే పక్కన నడిచేవాణ్ణి. ఇప్పుడు శుక్రవారం వస్తే "ఏవండీ, ఇవాళ బండి నాకు. కన్యకా పరమేశ్వరి గుడికి పోయి, అటునుంచి మింటు వీధిలో పసుపు, కుంకుమ కొనుక్కొస్తాను. మీరు నడిచి వెళ్ళండి" అంటుంది. తాళంచెవి గోడకున్న మేకుకి తగిలించి ఉంటుంది, ఎవరికి పనుంటే వాళ్ళు తీసుకుంటారు. కోడలు పిల్లవాణ్ణి బడి దగ్గర దింపుతుంది. ముప్పై ఏళ్ళు మా ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కడికి పోవాలన్నా నా తీరిక కోసమో ఆటో కోసమో ఎదురుచూశారు. ఆ ఎదురుచూపు ఈ బండితో పోయింది. కొన్నందుకు నాకు కలిగిన లాభాల్లో దీన్నే మొదట చెబుతాను. ఆడవాళ్ళు నడిపితే హెల్మెట్ అక్కర్లేదన్నట్టు ప్రవర్తించే ఇళ్ళు మా పేటలో ఇంకా ఉన్నాయి. గుడి నాలుగడుగుల దూరమే అయినా తల తలే. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలి.

కరెంటు స్కూటరు ఎందుకు కొనలేదని అడుగుతారు. మా ఇల్లు పాత ఇల్లు, వీధి అంచునే గుమ్మం. పై అంతస్తులో కాపురం, కింద గోడౌను. ఛార్జింగుకి బండిని ఎక్కడ కట్టేయాలి? ఆ వసతి ఉన్నవారికి అది మంచి బండే.

ఈ బండికి ఉన్న హద్దులు కూడా చెప్పాలి. దీన్ని నెల్లూరు రోడ్డు ఎక్కించను. అరవై దాటాక గాలి పక్కనుంచి కొడితే తేలికైన ముందు చక్రం తడబడుతుంది, లారీ దాటిపోయినప్పుడు బండి ఊగుతుంది. ట్యాంకు అయిదు లీటర్లే. బ్రేకులు ఊరి వేగానికి తగినవి. యాక్సిలరేటరు మూసినా బుల్లెట్‌లా ఇంజిన్ బిగబట్టి వేగాన్ని తగ్గించదు. ఫ్లైఓవరు దిగేటప్పుడు అది బాగా తెలుస్తుంది, ముందునుంచే బ్రేకు వాడుతూ దిగాలి.

ఇక పోషణ. గొలుసు లేదు గనక నూనె పెట్టే పని లేదని చాలామంది పూర్తిగా మరిచిపోతారు. టైర్లలో గాలి వారానికోసారి చూడాలి. చిన్న చక్రంలో గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో మాట వినదు. ఇంజిన్ ఆయిలు ముప్పావు లీటరు అటూఇటూగా ఉంటుంది. ఇంత కొంచెం ఆయిలుతో రోజంతా ఆగుతూ కదులుతూ నడిచే ఇంజిన్‌కి ఆయిలు మార్పు ఆలస్యం చేయకూడదు. వెనక చక్రం దగ్గరున్న గేరుపెట్టెకి వేరే ఆయిలు పొయ్యాలి, దాన్ని అడిగి మరీ మార్పించుకోండి. బెల్టు అరిగిందని ముందుగా ఎవరూ చెప్పరు. అది ఒకరోజు తెగుతుంది. ఇంజిన్ మోగుతూనే ఉంటుంది, బండి కదలదు. పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు మార్చేయడమే.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనం వస్తుంది. మా పేటలో గంట గట్టి వాన పడితే సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. స్కూటరు సైలెన్సరు కిందికి ఉంటుంది, బెల్టు పెట్టెకి గాలి లోపలికి పోయే దారి ఉంటుంది. బెల్టు తడిస్తే జారుతుంది, బండి లాగదు. నీళ్ళు చక్రం ఇరుసు దాకా వచ్చాయంటే దిగి పక్కన పెట్టేయండి. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ నొక్కకండి. సిలిండరులోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, మెకానిక్‌కు చూపించాకే స్టార్టు చేయండి. నీళ్ళు దాటి వచ్చాక బ్రేకులు పట్టవు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట మెల్లగా పోతూ రెండు మీటల్ని తేలిగ్గా నొక్కి పట్టుకుంటే ఆ వేడికి తడి ఆరుతుంది. బెల్టు మార్చవలసిన సమయం దగ్గరపడిన బండి ఉంటే, సెప్టెంబరులోనే ఆ పని చేయించుకోండి.